గోడ దూకిన జట్టు

కఫిలా గని బస్తీ
12 ఏప్రిల్ 1981

ఎలుకలు తినే జెరె బావకి,

బతికే ఉన్నావా, లేక ఎలుక కోసం కలుగులో చెయ్యి పెట్టి పాము చేత కరిపించుకున్నావా? నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తాతల నాడు మా బెంబా తెగవాళ్ళూ మీ న్గోనీ తెగవాళ్ళూ ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి, మనం మాటలతో పొడుచుకోవచ్చనీ, ఎంత తిట్టినా ఎదుటివాడు కోపం తెచ్చుకోకూడదనీ పెద్దలు మనకో హక్కు ఇచ్చిపోయారు. ఆ హక్కు వాడుకోకుండా మూల పడేస్తున్నావు నువ్వు.

సరే, సంగతి విను. మన గని ఫుట్‌బాల్ జట్టు రోవర్స్ రెండో డివిజన్ నుంచి పైకి వచ్చాక నాలుగు ఆటలు ఆడింది. రెండు గెలిచాం, ఒకటి డ్రా, ఒకటి ఓడిపోయాం. కొత్తగా పైకొచ్చిన జట్టు మళ్ళీ కిందికి జారకుండా ఉంటే అదే పదివేలు అనుకుని హాయిగా ఉన్నాను. సోమవారం క్రీడల సూపరింటెండెంటు పిలిపించాడు. కూర్చోమని కూడా అనలేదు.

"రాగికి ధర లేదు కపెంబ్వా. రెండో నంబరు షాఫ్టులో మనుషులు చాలడం లేదు. ఈ సీజను అవ్వగానే జట్టు ఎత్తేస్తున్నాం. నీ కుర్రాళ్ళు పద్దెనిమిది మందీ గనిలోకి దిగుతారు" అన్నాడు.

"అయ్యా, బంతాడ్డానికని తెచ్చుకున్నాం కదండీ వాళ్ళని!"

"అయితే లీగు గెలిచి చూపించు. దేశం మొత్తంలో మొదటొచ్చిన జట్టుని ఎత్తేసే ధైర్యం మా పైవాళ్ళక్కూడా లేదు" అని నవ్వాడు. పక్కనున్న గుమాస్తా అంతకంటే గట్టిగా నవ్వాడు.

వాళ్ళు నవ్వడంలో తప్పు లేదు బావా. నిన్నగాక మొన్న పైకొచ్చిన జట్టు లీగు గెలవడం నేనెరిగినంతలో జరగలేదు.

నీ కొడుకు వైసన్ దీపాల గదిలోనే ఉన్నాడు. పొద్దున గనిలోకి దిగేవాళ్ళకి నెత్తిదీపాలు అందిస్తాడు, మధ్యాహ్నం నుంచి గోల్ ముందు నిలబడతాడు. ఇరవై ఏళ్ళకే నీకంటే మంచి గోల్‌కీపరు. వాణ్ణి నా చేతుల్లో పెట్టిన రోజున 'వీడు నేలమీదే ఉంటాడు' అని నీకు మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు ఈ లీగుకి ముడిపడిపోయింది. నీ దగ్గర దాచలేక రాస్తున్నాను.

నీ దగ్గు ఎలా ఉంది?

కోతి కూర తిని బలిసిన నీ బావ,
కపెంబ్వ


చిపాటా దగ్గర మా ఊరు
3 మే 1981

కోతులు తినే కపెంబ్వకి,

కోతులు తింటే కోతి బుద్ధులైతే వస్తాయి కాని ఆట రాదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? నిన్ను కోచ్‌ని చేసినవాణ్ణి ముందు గనిలోకి దింపాలి.

దగ్గు నాది కాదు, మా మేకది. దాని పక్కన కూర్చుని రాసినప్పుడు ఉత్తరంలోకి కూడా వినిపించినట్టుంది నీకు.

నీ ఉత్తరం చదివిన రోజు మొక్కజొన్న న్షీమా ముద్ద ముట్టకుండా వదిలేశాను. మా ఆవిడ మెర్సీ అడిగితే కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ మీద అరిచాను. తొమ్మిదేళ్ళు బావా, ఆ రెండో నంబరులో. మనుషుల్ని దింపే ఇనప బోను, అదే కేజీ, కిందికి దిగుతున్నంతసేపూ అందరూ పైన చిన్నదైపోయే వెలుతురునే చూస్తారు. నీకు తెలియదు, నువ్వెప్పుడూ దిగలేదు. డ్రిల్లు తిరగడం మొదలైతే తెల్లటి దుమ్ములో పక్కవాడి మొహం కనిపించదు. నోటికి తడిబట్ట కట్టుకోమనేవారు. కట్టుకుంటే ఊపిరాడదు, పని వెనకబడుతుంది, మేస్త్రీ తిడతాడు. నేను కట్టుకోలేదు.

వైసన్ గోల్స్ ఇచ్చేసినా సరే, పళ్ళూడగొట్టుకున్నా సరే, ఆ కేజీలో మాత్రం నిలబడకూడదు. కొత్తగా పైకొచ్చిన జట్టు లీగు గెలవగలదా అని నన్నడగొద్దు. గెలవాలి, అంతే. నువ్వు ఎలా గెలిపిస్తావో నాకు తెలియదు.

శనివారాలు రేడియో పెడతాను. బ్యాటరీలు నీరసిస్తే మెర్సీ వాటిని ఎండలో ఆరబెడుతుంది. ఇంకో అరగంట పలుకుతాయి. మొన్న మీ ఆట రెండో సగం విన్నానంటే అది ఎండ చలవే. వాడి పేరు రేడియోలో మూడుసార్లు చెప్పారు. మేక కూడా దగ్గడం మానేసి వింది.

జెరె


కఫిలా
19 జూలై 1981

కలుగుల దొంగకి,

పట్టికలో మనం రెండో చోట ఉన్నాం! నీ కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదువు. పైన రాజధాని జట్టు లయన్స్ ఒక్కటే ఉంది. మొన్నటి ఆట తప్పిస్తే, నీ కొడుకు అంతకుముందు ఆరు ఆటల్లో ఒక్క గోల్ ఇవ్వలేదు.

ఎలా గెలుస్తున్నామంటే, మాకు ఆట ఎక్కువ వచ్చి కాదు. పెద్ద జట్లవాళ్ళు మమ్మల్ని చూసి మొదటి సగం నవ్వుకుంటూ ఆడతారు. రెండో సగంలో వాళ్ళకి ఆయాసం వస్తుంది, మావాళ్ళకి రాదు. గని పిప్పి పోసిన గుట్ట ఉంది చూడు, దాన్ని రోజూ ఇరవైసార్లు ఎక్కిస్తున్నాను. మొదట్లో నన్ను బండబూతులు తిట్టేవారు. ఇప్పుడు ఎక్కండి అనకముందే ఎక్కేస్తున్నారు. వాళ్ళకీ తెలిసిపోయింది, ఆ గుట్ట ఎక్కకపోతే దాని కిందికి దిగాలని.

బస్తీలో ఎవరూ మామూలుగా లేరు. పోయినేడు షాఫ్టులో మొగుణ్ణి పోగొట్టుకున్న మూలింటి చిలుఫ్యా ఉంది కదా, ప్రతి ఆట ముందూ వేరుశెనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర గిన్నెడు తెచ్చి కుర్రాళ్ళ ముందు పెడుతుంది. "తినండి నాయనా, మా ఆయన దిగిన చోటికి మీరు దిగొద్దు" అంటుంది. అది తిని పరుగెత్తడం ఎంత కష్టమో నీకు చెప్పలేను.

సూపరింటెండెంటు నవ్వడం మానేశాడు. ఇప్పుడు కొత్త ఎత్తు వేశాడు. మన ముందు వరస ఆటగాడు చిబాలేని మనుషులు తక్కువయ్యారని అప్పుడే పొద్దుటి షిఫ్టుకి దింపేశాడు. మొన్న శనివారం కుర్రాడు గనిలోంచి పైకొచ్చి, మొహం కూడా కడుక్కోకుండా మైదానంలోకి దిగాడు. మూడు గోల్స్‌తో ఓడిపోయాం. ఆట అయ్యాక వాడు గోల్ పోస్టుకి ఆనుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు బావా. అది మేకది కాదు.

నాకు భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

కపెంబ్వ


మా ఊరు
23 ఆగస్టు 1981

కోతి ముఖానికి,

ఉత్తరం మెర్సీ చేత రాయిస్తున్నాను, చేతికి తీరిక లేక. మొక్కజొన్న ఒలుపులో ఉన్నాను.

మూడు గోల్స్ తింటే ఏమైంది? మనం అయిదు తిన్న రోజులు లేవా? చిబాలేని వెనక వరసలో నిలబెట్టు, పరుగు తక్కువ. వైసన్‌కి చెప్పు, కార్నర్ బంతి వచ్చినప్పుడు రెండు చేతులతో పట్టుకోమని. ఒంటి చేత్తో గుద్దడం వాడికి చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. నేను బాగానే ఉన్నాను. ఎవడో దగ్గితే భయపడేవాడివి నువ్వేం కోచ్‌వి?

జెరె

అన్నయ్యా, ఈ కింది రెండు మాటలు మెర్సీవి. ఆయనకి చదివి వినిపించలేదు. మొక్కజొన్న లేదు, ఒలుపూ లేదు. ఆయన గుమ్మం దాకా నడవలేరు. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు. మిషను ఆసుపత్రివాళ్ళు ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉంది, మందు లేదన్నారు. బాబుకి తెలియనివ్వొద్దు. వాడు ఆట మానేసి వచ్చేస్తాడు.


కఫిలా
6 సెప్టెంబరు 1981

బావా,

ఈసారి తిట్టు పెట్టలేదు, తోచలేదు. నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. పదకొండేళ్ళుగా అది నా కడుపులో ఉంది.

నువ్వు గనిలోకి దిగింది వయసు మీద పడి కాదు. మేనేజిమెంటు నిర్ణయం అని అప్పట్లో నీకు చెప్పారు. నేనూ అదే చెప్పాను. జరిగింది వేరు. నేనప్పుడు కెప్టెన్ని. అప్పటి సూపరింటెండెంటు నన్ను పిలిచి, "జట్టుకి ఇద్దరు గోల్‌కీపర్లెందుకు? ఒకణ్ణి రెండో నంబరుకి పంపుతాం. ఎవణ్ణో నువ్వే చెప్పు" అన్నాడు.

ఇద్దరిలో నువ్వే మెరుగు. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా నీ పేరే చెప్పాను.

ఎందుకో కూడా రాసేస్తాను. రెండోవాడి పేరు చెబితే వాడు జన్మలో నా మొహం చూడడు. నీ పేరు చెబితే ఏమవుతుంది? నువ్వు బావవి. నేనేం చేసినా నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటావు, కోపం తెచ్చుకునే హక్కు నీకు లేదు. ఆ ధైర్యంతో చెప్పాను. వేళాకోళానికి పెద్దలిచ్చిన హక్కుని తీసుకెళ్ళి నీ ప్రాణం మీద వాడుకున్నాను.

అప్పుడు ఒకటి రెండేళ్ళలో పైకి తెప్పించవచ్చులే అనుకున్నాను. తరవాత అడిగే ధైర్యం చాలలేదు. వైసన్‌ని నా దగ్గరికి తీసుకున్నది నీ మీద ప్రేమతో అని బస్తీ అంతా అనుకుంది. నాకు మాత్రం నిజం తెలుసు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఏదో ఒకటి రాయి.

కపెంబ్వ


కఫిలా
27 సెప్టెంబరు 1981

బావా,

నిన్న గెలిచాం. లయన్స్ కంటే ఒక్క పాయింటు ముందున్నాం. ఇంక అయిదు ఆటలు.

తపాలా బంట్రోతుకి నన్ను చూస్తేనే చిరాకు వస్తోంది. ఒక్క తిట్టు రాసి పంపు, చాలు.

కపెంబ్వ


మా ఊరు
18 అక్టోబరు 1981

శ్రీ కపెంబ్వ గారికి జెరె వ్రాయించునది.

మీ ఉత్తరాలు రెండూ అందినవి. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.

ఆఖరి ఆట లయన్స్ వాళ్ళ మైదానంలో అని రేడియోలో విన్నాను. డ్రా చేసినా లీగు మీదే అంటున్నారు. ఒక్క మాట చెప్పడానికి ఈ ఉత్తరం. వాళ్ళ గేటులోంచి లోపలికి వెళ్ళకండి. కప్పు ఆటకి మనం వెళ్ళిన సంవత్సరం గేటు కింద చేతబడి మందు పాతిపెట్టారు. అందులోంచి నడిచి వెళ్ళి అయిదు గోల్స్ తిన్నాం. మరుసటి సంవత్సరం తూర్పువైపు గోడ దూకి వెళ్ళాం, గెలిచాం. మీకు గుర్తుండే ఉంటుంది. జట్టు మొత్తం గోడ దూకే వెళ్ళాలి. ముఖ్యంగా గోల్‌కీపరు.

నా కొడుకుని నేలమీద ఉంచుతానన్నారు. అది చెయ్యండి. మీ నుంచి ఇంకేమీ అక్కర్లేదు.

ఇట్లు,
జెరె


కఫిలా
9 నవంబరు 1981

బావా,

బావా అనొద్దంటే మానేస్తాను. ఈ ఒక్క ఉత్తరానికి అననివ్వు.

ఇది వైసన్ చేతికే ఇచ్చి పంపుతున్నాను. వాడేమీ చెప్పకముందే నువ్వు ఇది చదవాలి. రేడియోలో ఎంతవరకు విన్నావో నాకు తెలియదు.

నీ ఆఖరి ఉత్తరం జేబులో పెట్టుకునే తిరిగాను. 'గారు' అని రాశావు. ఇరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. గేటు మందుల మీద నాకున్న నమ్మకం సగమే. గేటులోంచే రావాలని లీగువాళ్ళు ఈ ఏడాది గట్టిగా చెప్పారు కూడా. కాని నువ్వు అడిగిన ఒక్కటీ కాదనడానికి నాకు నోరెక్కడిది? బస్సుని తూర్పు గోడ దగ్గర ఆపించాను.

ఆ గోడ మన నాటి గోడ కాదు. మనిషిన్నర ఎత్తు లేపారు, పైన గాజుపెంకులు గుచ్చారు. పెంకుల మీద గోనెలు పరిచి, ఒకరి భుజాలు ఒకరు ఎక్కి దూకాం. లోపల లయన్స్ అభిమానులు "గనివాళ్ళు దొంగల్లా వచ్చార్రోయ్! మీ ఇళ్ళకి తలుపులుండవా?" అని ఒకటే కేకలు. వైసన్ ఆఖర్న దూకాడు. గోనె జారింది. ఎడమ చెయ్యి కిందపెట్టి పడ్డాడు.

పరుగెత్తుకెళ్ళాను. "ఏం కాలేదు మామా" అన్నాడు. వేళ్ళు కదిపి చూపించాడు. నవ్వాడు కూడా. చేతితొడుగు వేసుకుని గోల్‌లోకి వెళ్ళిపోయాడు. నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను.

ఎలా ఆడాడని చెప్పను! ఎనభై అయిదు నిమిషాలు ఒక్క బంతిని కూడా గీత దాటనివ్వలేదు. రెండు చేతులూ వాడాల్సిన చోట ఒంటి చేత్తో గుద్దుతుంటే 'పాత జబ్బు' అనుకుని గట్టుమీద నుంచి తిడుతున్నాను. బస్తీ నుంచి లారీల్లో వచ్చిన జనం అప్పటికే ఏడుస్తున్నారు, సంతోషంతో. చిలుఫ్యా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంకో అయిదు నిమిషాలు. ఎడమవైపు నుంచి కార్నర్ వచ్చింది. ఎత్తుగా వచ్చింది, వాడి ఎడమ చేతి మీదికి. వాడు ఎగిరాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

ఒకటి–సున్నా. లీగు లయన్స్‌ది.

తొడుగు విప్పితే మణికట్టు ముంజేతితో సమానంగా వాచి ఉంది. "చెప్తే ఆడనివ్వరు కదా మామా" అన్నాడు. పద్దెనిమిది మందిని తనే ముంచానని అనుకుంటున్నాడు. వాణ్ణి నేను ముంచాను, నన్ను నువ్వు గోడ ఎక్కించావు, ఎవర్ని తిట్టాలో నాకు తోచడం లేదు.

ఇంక అసలు మాట విను. నిన్న గని డాక్టరు చూశాడు. మణికట్టులో ఎముక రెండు ముక్కలైంది, అతుక్కున్నా పట్టు రాదన్నాడు. ఇంక ఎప్పటికీ గోల్‌కీపరు కాలేడు. కాగితం మీద ముద్ర కొట్టి నా చేతిలో పెట్టాడు. "డ్రిల్లు పట్టలేడు. భూమి కింద పనికి పనికిరాడు" అని ఉంది. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను బావా. అయిదోసారి బల్ల మీద కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాను.

సూపరింటెండెంటు దగ్గరికి కాగితం తీసుకెళ్ళాను. "నాకు పద్దెనిమిది మంది కావాలి, పదిహేడు కాదు. ఎవరి పేరు రాయమంటావు?" అన్నాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే ప్రశ్న అడుగుతారు కాబోలు. ఈసారి నా పేరు రాయించాను.

"నీకు నలభై ఆరేళ్ళు కపెంబ్వా, పిచ్చెక్కిందా?" అన్నాడు.

"గుట్ట ఎక్కించినవాణ్ణి నేనే కదండీ" అన్నాను.

సోమవారం పొద్దుటి షిఫ్టు. చిబాలే కేజీలో ఎలా నిలబడాలో నాకు చూపిస్తానన్నాడు. నీ కొడుకు నేలమీదే ఉన్నాడు. గెలిపించి ఉంచుతాననుకున్నాను. ఓడిపోయి ఉంచాను.

కపెంబ్వ


మా ఊరు
22 నవంబరు 1981

కోతులు తిని, కోతిలా గోడలెక్కి, ఎక్కిన గోడ దిగడం చేతకాని కపెంబ్వకి,

నా సొంత చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వావంటే నీ పళ్ళు రాలిపోతాయి. ఈ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది.

రేడియో ఎనభయ్యో నిమిషం దాకా పలికి చచ్చిపోయింది. ఆ రోజు ఎండ లేదు. మిగతా పది నిమిషాలు మా వాకిట్లో మేమే ఆడుకున్నాం. మెర్సీ గెలిచామంది, నేను ఓడిపోయామన్నాను, దెబ్బలాడుకున్నాం. బస్సు దిగి వాడు కట్టు కట్టిన చేత్తో నడిచి వస్తుంటే లీగు సంగతి అడగడం ఇద్దరం మర్చిపోయాం.

నా సిగ్గు నీకు చెబుతాను, ఇంకెవరికీ చెప్పుకోలేను. నీ ఉత్తరం చదివి నాకు సంతోషం వేసింది. పదిహేడు మంది తల్లులు అక్కడ గుండెలు బాదుకుంటుంటే, నా కొడుకు ఆట బుగ్గిపాలైతే, నేను ముద్ద మొత్తం తిని గిన్నె తుడిచాను. ఏప్రిల్ తరవాత అంత తినడం అదే. తిన్నాక ఏడ్చాను. చిబాలే గురించి ఏడ్చాను, చూడనైనా చూడలేదు వాణ్ణి. గోడ దూకమన్నది నేను. నీ మీద కోపంతో, నిన్ను ఆడించాలని కూడా రాశాను ఆ మాట. పాత గోడ గుర్తుపెట్టుకుని కొత్త గోడ ఎక్కించాను. వాడికి ఈ మాట చెప్పాను. వాడు రెండు రోజులు బయట మేక దగ్గరే పడుకున్నాడు, మూడో రోజు నా వీపు వెనక దిండు సర్ది వెళ్ళాడు.

కోపం పోయిందా అని అడుగుతావేమో. పోలేదు. నా పేరు చెప్పిన నోరు ఎలా ఉంటుందా అని రోజూ తలుచుకుంటాను. అయితే కోపం ఉన్నవాడు తిట్టకూడదని పెద్దలు ఎక్కడా అనలేదు కదా. 'గారు' అని రాయించిన రోజు మెర్సీ కలం కింద పెట్టేసింది. "ఆ మనిషి చచ్చిపోయాడా ఏంటి, ఇంత మర్యాద?" అంది. అప్పటి నుంచీ నాకు ఒళ్ళు బాగోలేదు. దుమ్ము వల్ల సగం, మర్యాద వల్ల సగం.

ఇప్పుడు చెప్పేది చెవులొగ్గి విను, వేళాకోళం కాదు. నోటికి తడిబట్ట కట్టుకో. ఊపిరాడకపోయినా కట్టుకో, మేస్త్రీ తిట్టినా కట్టుకో. పని వెనకబడితే పడనీ. కుర్రాళ్ళు పదిహేడు మంది చేతా దగ్గరుండి కట్టించు. ఆట నేర్పినవాడివి, ఇదీ నేర్పు. నేను కట్టుకోలేదని వాళ్ళకి చెప్పు. నా పేరు చెప్పడం నీకు అలవాటే కదా.

ఇంకొకటి. నాకు వానాకాలం దాటదని మిషను డాక్టరు మెర్సీకి చెప్పాడు. నాకు వినపడదనుకుని గోడ అవతల చెప్పాడు. నా శవం దగ్గర నిలబడి నన్ను తిట్టాల్సింది నువ్వు. అది మీ బెంబావాళ్ళ పని. వీడు ఎలుకల దొంగ, అయిదు గోల్స్ తిన్న చేతకాని వెధవ అని నలుగురూ నవ్వేలా నువ్వు అరవాలి. కాబట్టి ఆ కేజీలో దిగినప్పుడల్లా మళ్ళీ పైకి రా. నువ్వు రాకపోతే అందరూ ఏడుస్తూ జెరె చాలా మంచివాడని చెప్పి నన్ను పూడ్చేస్తారు.

నీ బావ,
జెరె